అడవిపందికి ఎన్ని జౌళ్లు కావాలి? సోలార్ జట్కా మిషన్ల మీద ఒక సమీక్ష

అనంతపురంలో గానీ కర్నూలులో గానీ వ్యవసాయ పరికరాల అంగడికి పోయి జట్కా మిషన్ చూపించమంటే, కౌంటర్ అవతల నుంచి వచ్చే మొదటి మాట "ఎన్నెకరాలన్నా?" అనే. ఐదంటే ఒక డబ్బా తీస్తాడు, పదంటే ఇంకాస్త పెద్దది. డబ్బా మీద కూడా అట్లే అచ్చేసి ఉంటుంది: 10 ఎకరాలు, 25 ఎకరాలు, 50 ఎకరాలు. జట్కా అంటే గుర్రబ్బండి అనుకునే పెద్దవాళ్లు ఊళ్లలో ఇంకా ఉన్నారు గానీ ఇది హిందీ ఝట్కా, అంటే షాక్; చేను చుట్టూ లాగిన కంచె తీగలోకి ఆగి ఆగి కరెంటు దెబ్బ వదిలే డబ్బా. చెనక్కాయ చేలకు, చీనీ తోటలకు, మొక్కజొన్నకు పందుల బెడద పెరిగాక ఈ డబ్బాలు ప్రతి అంగట్లోనూ వరసగా కూర్చున్నాయి. కొన్నవాళ్లలో కొందరు బాగుందంటారు, కొందరు డబ్బు దండగంటారు. చాలాసార్లు ఇద్దరి దగ్గరా ఉండేది ఒకే రకం మిషన్.

ముందు ఆ ఎకరాల లెక్క సంగతి తేల్చాలి. కంచెకు ఎకరాలు తెలియవు, చుట్టుకొలతే తెలుసు. ఐదెకరాల చేను నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు 142 మీటర్లు, చుట్టూ 570 మీటర్లు. అదే ఐదెకరాలు అన్నదమ్ముల పంపకాల్లో చీలికలై 50 మీటర్ల వెడల్పు, 405 మీటర్ల పొడవుతో మిగిలితే చుట్టూ 910 మీటర్లు. నాలుగు వరసలు లాగితే మొదటి చేనుకు 2.3 కిలోమీటర్ల తీగ, రెండోదానికి 3.6 కిలోమీటర్లు. రెండింటికీ అంగట్లో ఇచ్చేది ఒకటే డబ్బా. కాబట్టి అంగడికి పోయే ముందు టేపు పట్టుకుని గట్టు చుట్టూ ఒకసారి తిరిగి రావాలి.

పెద్ద నంబరు చూసి మోసపోవడం మన దగ్గరే కాదు. అమెరికాలో గొర్రెల మీదా దూడల మీదా పడే కొయొటీ అనే జంతువు ఉంది. మన నక్కకు దాయాది, మామూలుగా 10 నుంచి 20 కిలోల బరువు. దాన్ని కాల్చడానికి ఏ క్యాలిబర్, అంటే ఏ సైజు తూటా, రైఫిల్ మేలని అక్కడ ఎడతెగని వాదన. .223 రెమింగ్టన్‌లో 55 గ్రెయిన్ల తూటా, అంటే మూడున్నర గ్రాములు, సెకనుకు 980 మీటర్ల పైచిలుకు వేగంతో బయటికొస్తుంది. దాని శక్తి సుమారు 1,700 జౌళ్లు (జౌల్ అంటే శక్తిని కొలిచే యూనిట్). .22-250 అదే బరువు తూటాను ఇంకా వేగంగా తోస్తుంది, గురి దూరం పెరుగుతుంది, బ్యారెల్ మాత్రం త్వరగా అరుగుతుంది. .243 విన్‌చెస్టర్ బరువైన తూటాతో గాలికి బాగా నిలబడుతుంది, కానీ చర్మం అమ్ముకునేవాళ్లకు పెద్ద చిల్లు మిగులుస్తుంది. చర్మం చెడకూడదనుకునేవాళ్లు .204 రూగర్ వైపు పోతారు. చేయి తిరిగిన వేటగాళ్లు మాత్రం మామూలు దూరాలకు .223 చాలనీ, మిగిలే డబ్బు తూటాలకూ సాధనకూ పెట్టమనీ చెబుతారు. గురి తప్పిన .243తో ఏం లాభం?

అటవీశాఖ అనుమతి లేకుండా మనకు ఆ దారి లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవిపంది, 2022 సవరణ తర్వాత, రెండో షెడ్యూల్‌లో ఉంది. కృష్ణజింక ఒకటో షెడ్యూల్‌లో. నాటు తుపాకీ, ఉచ్చు, పిండిలో పెట్టే నాటుబాంబు, ఏదైనా వేట కిందికే వస్తుంది. మనకు మిగిలిన క్యాలిబర్ జౌళ్లే. అక్కడ తూటాకు గురి ఎంతో, ఇక్కడ కంచెకు ఎర్తు అంత. ఈ ఒక్క మాట అంగట్లో ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఎర్తు డబ్బాలో పెట్టి అమ్మే వస్తువు కాదు.

మిషన్ చేసే పని చిన్నదే. 12 వోల్టుల బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని ఒక కెపాసిటర్‌ను కొన్ని వందల వోల్టుల దాకా నింపుతుంది. సెకనుకు పైగా ఆగి, ఆ నిలవను ఒక్క దెబ్బతో ట్రాన్స్‌ఫార్మర్ గుండా తీగలోకి వదులుతుంది. తీగ మీద 7 వేల నుంచి 10 వేల వోల్టుల దాకా వస్తుంది, అదీ సెకనులో వెయ్యో వంతుకు అటూ ఇటూ మాత్రమే. కెపాసిటర్‌లో నిలవ ఉండే శక్తి ఒకటి, తీగలోకి చేరేది ఒకటి. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ దాదాపు మూడో వంతు మింగేస్తుంది. డబ్బా మీద అచ్చేసేది ఎక్కువగా నిలవ జౌళ్లే. "ఇది స్టోర్డా, అవుట్‌పుటా?" అని అడిగితే అంగడాయన తడుముకుంటాడు. అప్పుడు మాన్యువల్ తెరవాలి. అవుట్‌పుట్ జౌళ్లు విడిగా రాయని మిషన్ అయితే రాసిన అంకెలో మూడింట రెండు వంతులే మనది అనుకుని లెక్క వేసుకోవాలి.

ఐఈసీ 60335-2-76 అనే అంతర్జాతీయ ప్రమాణం ఒక్కో దెబ్బకు 500 ఓముల లోడు, అంటే నిరోధం, మీద 5 జౌళ్లు దాటకూడదంటుంది. రెండు దెబ్బల మధ్య కనీసం ఒక సెకను ఎడం ఉండాలంటుంది. ఐదు జౌళ్లంటే ఆ .223 తూటా శక్తిలో సుమారు 350వ వంతు. తూటా చంపడానికి, ఇది బెదరగొట్టడానికి. ఆ సెకను ఎడమే మనిషి ప్రాణం కాపాడేది: దెబ్బకూ దెబ్బకూ మధ్య కండరం వదులవుతుంది, చేయి వెనక్కి వస్తుంది. ఇంట్లోని 230 వోల్టుల కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మారుతూ ఆగకుండా పారుతుంది, పట్టుకున్న చేయి వదలదు.

అందుకే కొనేటప్పుడు అంగట్లోనే మిషన్ ఆన్ చేయించి చెవి దగ్గర పెట్టుకోవాలి. టక్... టక్... టక్ అని సెకనుకు ఒకటికి మించకుండా తేటగా వినబడాలి. ఒక నిమిషం గడియారం చూసి లెక్కపెడితే 60 దాటకూడదు. కొన్ని చోట్ల పాత ఇన్వర్టర్ బోర్డు, కాయిల్ కలిపి బిగించిన డబ్బాలు సగం ధరకు దొరుకుతాయి. అవి టక్ టక్ అనవు, గుయ్‌మని ఒకటే మోత. ఆ డబ్బాను బల్ల మీద నుంచి దూరంగా తోసేయాలి. బోరు మోటారు స్టార్టర్ నుంచి నేరుగా తీగకు కరెంటు ఇవ్వడం గురించి అయితే సమీక్ష ఏమీ లేదు. పందికి పెట్టిన తీగకు పక్క చేను మనిషి పడితే 2003 విద్యుత్ చట్టం కింద కరెంటు చోరీ, దాని పైన మనిషి చావు కేసు. రెండూ మెడకు చుట్టుకుంటాయి.

ఇక ఏ సైజు కొనాలి. చుట్టుకొలత కిలోమీటరుకు ఒక అవుట్‌పుట్ జౌల్ అనేది మన చేలల్లో పనికొచ్చే కొలత. గట్టు మీద గడ్డి ఎక్కువగా మొలిచే నల్లరేగడి చేలకు ఇంకో అరజౌల్ కలుపుకోవాలి. ఈ లెక్కన అర కిలోమీటరు చుట్టుకొలత ఉన్న రైతు 5 జౌళ్ల మిషన్ కొంటే అదనపు శక్తి వృథా, దాంతోపాటు బ్యాటరీ ఖర్చు. మధ్య సైజు, అంటే అవుట్‌పుట్ ఒకటిన్నర నుంచి రెండు జౌళ్ల మిషన్, పదెకరాల లోపు రైతుల్లో ఎక్కువమందికి సరిపోతుంది. మా మార్కులు దానికే. అన్నిటికన్నా చిన్నది, పిడికిలంత బ్యాటరీ లోపలే బిగించి వచ్చేది, కూరగాయల మడికీ కోళ్ల షెడ్డుకూ బాగుంటుంది. చెనక్కాయ చేనుకు దాన్ని పెట్టి పంది ఆగలేదనడం మిషన్ తప్పు కాదు. పెద్దది, నాలుగైదు జౌళ్లది, నలుగురు రైతులు కలిసి రెండు మూడు కిలోమీటర్ల కంచె ఒకటే వేసుకుంటే తప్ప కొనొద్దు.

బ్యాటరీ లెక్కలోనే కంపెనీలు ఎక్కువగా చేతివాటం చూపిస్తాయి. ఒకటిన్నర జౌళ్ల మిషన్ రాత్రి 12 గంటలు నడిస్తే సుమారు 3 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ నిలవ కొలత) తాగుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించితే అది ఎక్కువ కాలం నిలవదు. కాబట్టి డబ్బాతో వచ్చే 7 ఏహెచ్ బ్యాటరీ సరిగ్గా ఒక్క రాత్రికి. ఆగస్టు, సెప్టెంబరులో వరసగా మూడు రోజులు మబ్బు పట్టిందంటే మూడో రాత్రి మిషన్ పలకదు, పందులు మాత్రం వస్తాయి. 20 లేదా 26 ఏహెచ్ బ్యాటరీ విడిగా కొని తగిలించడం మంచిది. ప్యానెల్ 20 వాట్లు ఉంటే మంచి ఎండలో రోజుకు 5 ఏహెచ్ దాకా తిరిగి నింపుతుంది, రాత్రి మాత్రమే నడిపేవాళ్లకు చాలు. కోతులకోసం పగలు కూడా నడపాలంటే 40 వాట్లు తీసుకోవాలి. ప్యానెల్ దక్షిణం వైపు 15 డిగ్రీల వాలుతో ఉండాలి. చాలా చోట్ల దాన్ని డబ్బా పైన పడుకోబెట్టి బిగిస్తారు, దుమ్ము పేరుకుపోతుంది.

ఇప్పుడు ఎర్తు. రాయలసీమలో ఫెయిలైన జట్కా మిషన్లలో ఎక్కువ భాగం ఇక్కడే ఫెయిలయ్యాయి, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవాలి. తీగ నుంచి పంది ముట్టెలోకి దిగిన కరెంటు కాళ్లలో నుంచి నేలలోకి, నేలలో నుంచి ఎర్తు కడ్డీకి, అక్కడి నుంచి మిషన్‌కు చేరితేనే షాక్. ఈ చుట్టులో ఎక్కడ తెగినా తీగ మీద 9 వేల వోల్టులున్నా పందికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన. ఎర్రనేల, కింద గరుసు, దానికింద బండ. ఎండిన గరుసు నేల కరెంటును దాదాపు పోనివ్వదు. కంపెనీ వాళ్లు డబ్బాతో ఇచ్చే మూరెడు కడ్డీని ఆ నేలలో కొట్టి వైరు తగిలిస్తే మిషన్ మోగుతుంది, టెస్టర్ వెలుగుతుంది, పంది మాత్రం తీగను తోసుకుని లోపలికి నడుస్తుంది.

సరైన పద్ధతి ఇది: ఆరడుగుల జీఐ (జింకు పూత ఇనుము) కడ్డీలు మూడు, ఒకదానికొకటి పదడుగుల దూరంలో, పూర్తిగా దిగగొట్టి, మూడింటినీ ఒకే జీఐ తీగతో క్లాంపులు బిగించి కలపాలి. తీగను చుట్టి వదిలేస్తే తుప్పు పట్టి ఏడాదిలో పట్టు పోతుంది. రాగి వైరును జీఐకి నేరుగా చుట్టినా అంతే, రెండు లోహాల మధ్య తేమ చేరి జీఐని తినేస్తుంది. బండ తగిలి కడ్డీ దిగకపోతే ఏటవాలుగా కొట్టొచ్చు, లేదా అడ్డంగా కాలువ తవ్వి పూడ్చొచ్చు. చోటు ఎంచుకోవడంలో ఒక కిటుకు: డ్రిప్ ఫిల్టర్ కడిగిన నీళ్లు పారే చోట కడ్డీలు దించితే నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, విడిగా నీళ్లు పోసే పని ఉండదు. బోరు మోటారు ఎర్తుకూ, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తుకూ కనీసం 10 మీటర్లు ఎడంగా ఉండాలి. కట్టెబొగ్గు, ఉప్పు కలిపి గుంత నింపే పద్ధతి పనిచేస్తుంది గానీ ఉప్పు కడ్డీని తినేస్తుంది, మూడేళ్లకోసారి మార్చుకోవాల్సిందే.

ఎర్తు బాగుందో లేదో చూడడానికి మిషన్ నుంచి వంద మీటర్ల అవతల ఒక ఇనుప కడ్డీ నేలలో గుచ్చి తీగకు ఆనించాలి. తీగ వోల్టేజీ 2 వేల కిందికి దిగేదాకా అట్లాంటి కడ్డీలు ఇంకోటి, ఇంకోటి ఆనించాలి. మిషన్ ఆపి ఇవన్నీ పెట్టి, తర్వాత ఆన్ చేయాలి. అప్పుడు కంచె వోల్టులు చూపే డిజిటల్ మీటర్ ఒక కొన ఎర్తు కడ్డీకి, రెండో కొన మీటరు దూరంలో గుచ్చిన చిన్న మేకుకు పెట్టి చూడాలి. 300 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఎర్తు చాలలేదని అర్థం, ఇంకో కడ్డీ దించాలి. నియాన్ బల్బుల టెస్టర్ దీనికి పనికిరాదు. వెలుగుతుందా లేదా అన్నదే తప్ప ఎంత అన్నది దాంట్లో సరిగా తెలియదు. మిషన్‌లో ఒక మెట్టు తగ్గించుకునైనా డిజిటల్ మీటర్ కొనాలి.

ఎన్ని కడ్డీలు దించినా మార్చి నుంచి మే దాకా గరుసు నేలలో చీనీ తోట కాపాడుకోవాలంటే ఇంకో ఉపాయం ఉంది. నాలుగు వరసల్లో ఒకటి, మూడు షాక్ తీగలు; రెండు, నాలుగు ఎర్తు తీగలు. ఎర్తు తీగలను మిషన్ ఎర్తుకే కలపాలి. పంది రెండు తీగల మధ్య తల దూర్చినప్పుడు ఒకేసారి రెండింటికీ తగులుతుంది, నేల తడితో పనిలేదు. బిగువు తగ్గి రెండు తీగలు ఆనుకుంటే మాత్రం కంచె మొత్తం చస్తుంది. కాబట్టి మూలరాళ్ల దగ్గర బిగించే రాట్చెట్ తప్పనిసరి.

వరసల ఎత్తు పందికి తగ్గట్టు పెట్టాలి. దాని ఒంటి మీద ముళ్లలాంటి వెంట్రుకలు, కింద దళసరి తోలు, పైన ఎండిన బురద. అక్కడ తగిలితే లెక్కచేయదు. తడిగా ఉండే ముట్టెకు తగలాలి. మొదటి వరస నేల నుంచి 20 సెంటీమీటర్లు, రెండోది 40, మూడోది 60, నాలుగోది 90. నేల ఎగుడుదిగుడుగా ఉన్న చోట, ముఖ్యంగా వంక దాటే చోట, మొదటి వరస కింద ఎడం మూరెడు అవుతుంది; పందులు అక్కడే దారి వేస్తాయి. ఆ చోట అదనంగా ఒక పొట్టి రాయి పాతి తీగను కిందికి దించాలి. కంచె చివర, మిషన్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న రాయి దగ్గర, 4 వేల వోల్టులకు తగ్గకుండా ఉంటే పందికి సరిపోతుంది.

తీగ విషయంలో గొడవ చిన్నదే. 12 గేజి జీఐ కిలోకు 23 మీటర్లు వస్తుంది, 14 గేజి 39 మీటర్లు. చుట్టుకొలత 600 మీటర్ల లోపయితే 14 గేజి చాలు, అంతకు మించితే 12. నైలాన్ దారంలో సన్నటి తీగలు పేనిన పాలీవైరు మేకల దొడ్డికి తప్ప దేనికీ వద్దు, దాని నిరోధం ఎక్కువ, చివరికి వోల్టేజీ మిగలదు. ఇన్సులేటర్ల బదులు డ్రిప్ లాటరల్ పైపు ముక్కలు కోసి తొడగడం అందరూ చేసేదే. మొదటి ఏడాది బాగానే ఉంటుంది. ఎండకు పగిలాక, వానపడ్డ రాత్రి రాతికూసం దగ్గరికి పోయి చెవి పెడితే చిటచిట వినబడుతుంది, చీకట్లో నీలంగా మెరుపు కూడా కనబడుతుంది. ఆ మెరుపంతా పంది ముట్టెకు పోవాల్సిన శక్తి. ఎండ తట్టుకునే నల్ల ఇన్సులేటర్లు ఒక్కసారి వేస్తే కొన్నేళ్లు చూడనక్కర్లేదు.

ఈ మిషన్ వల్ల కాని పనులూ చెప్పాలి. ఆలూరు, పత్తికొండ వైపు నల్లరేగడి చేలల్లోనూ రోళ్లపాడు చుట్టుపక్కలా కృష్ణజింకలది వేరే కథ. అది పరుగెత్తుకొచ్చి ఎగిరి దూకుతుంది. గాల్లో ఉన్న జంతువు తీగకు తగిలినా కాళ్లు నేల మీద లేవు కాబట్టి షాక్ లేదు, కరెంటు తీగ మీద పిట్ట వాలినట్టే. నిలబడి మేస్తూ తీగకు ముక్కు తగిలించుకుంటేనే బెదురుతుంది. జింకలకోసమే ఈ మిషన్ కొంటామంటే కొనొద్దనే చెబుతాం. పంది, జింక రెండూ ఉంటే పైన 120, 150 సెంటీమీటర్ల దగ్గర ఇంకో రెండు వరసలు వేసి తెల్లటి గుడ్డపేలికలు కట్టాలి. కొంత తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. నక్క మొదటి వరస కింద గుంత తీసి దూరుతుంది. పుచ్చ తోటలకు 10 సెంటీమీటర్ల దగ్గర ఒక వరస అదనంగా కావాలి, దానికి గడ్డి తగలకుండా రోజూ చూసుకోవాలి.

పిడుగుల సంగతి మిషన్ కొన్నాకే గుర్తొస్తుంది చాలామందికి. కిలోమీటరు పొడవు తీగ చేను చుట్టూ ఉందంటే దగ్గర్లో ఎక్కడ పిడుగు పడ్డా దాని దెబ్బ కొంత మిషన్‌కు చేరుతుంది. బోర్డు కాలిపోతే వారంటీలో అది రాదు, కార్డు వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పిడుగు దెబ్బను నేలలోకి మళ్లించే లైట్నింగ్ అరెస్టర్, దానికీ మిషన్‌కూ మధ్య పది చుట్ల తీగ కాయిల్, అరెస్టర్‌కు విడిగా ఎర్తు ఉండాలి. ఉరుములు మొదలైతే కంచె తీగను మిషన్ నుంచి విప్పి పక్కన పెట్టేయడం అన్నిటికన్నా చౌక.

కొనేటప్పుడు సైరన్ ఉన్న మోడల్ తీసుకోవాలి. తీగ తెగినా, కొమ్మ పడి షార్టయినా కూత పెడుతుంది. లేకుంటే పొద్దున దున్నినట్టున్న చేను చూసేదాకా సంగతి తెలియదు. విత్తనం వేసిన మొదటి పది రోజులు పందులు సాలు వెంబడే ముట్టెతో తవ్వి గింజ ఏరుకుంటాయి. తర్వాత కాయ ఊరే దశలో, అరవై డెబ్బై రోజుల తర్వాత, మళ్లీ వస్తాయి. కంచె మాత్రం విత్తడానికి వారం ముందే నడుస్తూ ఉండాలి. ఒకసారి చేలో రుచి మరిగాక వేసిన కంచెను పంది పరుగుతో తెంచుకుని పోతుంది. మొదట ఖాళీ చేను గట్టు మీద ముట్టె కాలిందంటే ఆ వైపు రావడానికి జంకుతుంది.

రోజూ సాయంత్రం చివరి రాయి దగ్గర మీటర్ పెట్టి అంకె ఒక పుస్తకంలో రాసుకోవాలి. నిన్న 5,800 ఉన్నది ఇవాళ 3,100 అయితే ఎక్కడో కారుతోంది. కంచె మధ్యలో జాయింటు విప్పి మిషన్ వైపు సగాన్ని చూడాలి. అక్కడ వోల్టేజీ పూర్తిగా ఉంటే తప్పు అవతలి సగంలో. ఆ సగాన్ని మళ్లీ సగం చేయాలి. ఐదు విప్పుళ్లలో 900 మీటర్ల కంచె ముప్పై మీటర్ల లోపుకు వస్తుంది. అక్కడ పగిలిన లాటరల్ ముక్కో, తీగ మీదికి వాలిన వయ్యారిభామ మొక్కో కనబడుతుంది.